‘కేసు వేయలేరు’ అంటే ‘బాకీ లేదు’ అని కాదు

ప్రశ్న (2022లో వచ్చింది): మాది మెషిన్ విడిభాగాలు తయారు చేసే చిన్న ప్రైవేట్ లిమిటెడ్ కంపెనీ. ఒక పెద్ద కంపెనీ నుంచి మాకు 1 కోటి 12 లక్షలు రావాలి. అందులో 64 లక్షల బిల్లులకు గడువు 2020 ఫిబ్రవరి 14న తీరింది. మిగతా 48 లక్షలకు అదే ఏడాది ఆగస్టులో తీరింది. నోటీసు ఇస్తే, “కొవిడ్ కాలం బాకీ, దివాలా చట్టంలో సెక్షన్ 10ఎ ఉంది, మీరేం చేయలేరు” అని జవాబొచ్చింది. మా డబ్బు పోయినట్టేనా?

జవాబు: పోలేదండీ. ముందు ఆ టెన్షన్ వదలండి.

ఈ మాట నాకు కొత్త కాదు. 2020లో నేను కంపెనీ సెక్రటరీగా పనిచేసిన ఒక చోట, వీడియోలో జరిగిన బోర్డు మీటింగ్‌లో ఒక డైరెక్టర్ గారు సప్లయర్ల జాబితా చూపించి “వీళ్లకిక ఇవ్వక్కర్లేదుగా?” అని అడిగారు. “ఇవ్వాలి సార్, వాళ్లు మన మీద దివాలా కేసు వేయలేరు, అంతే” అన్నాను. కాసేపు ఎవరూ మాట్లాడలేదు. ఆ జాబితాలో సగం మంది మీలాంటి చిన్న యూనిట్ల వాళ్లే. ఆ రోజు గుర్తొస్తే ఇప్పటికీ బాధేస్తుంది.

జరిగింది ఇదీ. లాక్‌డౌన్ దెబ్బకు బతికి బట్టకట్టగల కంపెనీలు కూడా దివాలా కోర్టుకు ఎక్కకూడదని 2020 జూన్ 5న ఆర్డినెన్స్ తెచ్చి దివాలా చట్టంలో 10ఎ చేర్చారు. 2020 మార్చి 25 నుంచి 2021 మార్చి 24 లోపు ఎగ్గొట్టిన బాకీ మీద ఎన్‌సీఎల్‌టీలో (కంపెనీల దివాలా కేసులు చూసే ట్రిబ్యునల్‌లో) దివాలా దరఖాస్తు ఎప్పటికీ వేయకూడదు. మీ 48 లక్షలు అందులో పడ్డాయి. మరి ఫిబ్రవరి నాటి 64 లక్షలు? వాటికి 10ఎ అడ్డు కాదు, కానీ ఇంకో అడ్డు ఉంది. లక్ష రూపాయలుగా ఉన్న కనీస బాకీ పరిమితిని 2020 మార్చి 24న ఏకంగా కోటికి పెంచారు. రెండూ కలిపితే కోటి దాటుతుంది కదా అని మీకనిపించవచ్చు, కానీ 10ఎ కిందికి వచ్చిన మొత్తాన్ని ఆ లెక్కలో కలపలేరు. కాబట్టి ఎన్‌సీఎల్‌టీ దారి మీకు మూసుకుపోయిన మాట నిజమే.

మూసుకుపోయింది ఆ ఒక్క దారే. 2021 ఫిబ్రవరి 9న సీమెన్స్ గమేసా కేసులో సుప్రీంకోర్టు ఈ విషయం స్పష్టంగా చెప్పింది: 10ఎ వల్ల బాకీ రద్దు కాదు, దాన్ని వసూలు చేసుకునే హక్కూ పోదు. మీకొచ్చిన జవాబులో ఈ ముక్క మాత్రం లేదు.

సరుకు ఇచ్చేనాటికే మీకు ఉద్యోగ్ ఆధార్ గానీ ఉద్యమ్ గానీ, అంటే చిన్న పరిశ్రమగా ప్రభుత్వ రిజిస్ట్రేషన్, ఉందా? ఉంటే చిన్న పరిశ్రమల బాకీ తగాదాలు తేల్చే ఎంఎస్ఎంఈ ఫెసిలిటేషన్ కౌన్సిల్ మీ రాష్ట్రంలో ఉంటుంది, దానికి వెళ్లండి, దరఖాస్తు ఆన్‌లైన్‌లో పెట్టుకోవచ్చు. చిన్న తయారీదారుకు 45 రోజులు దాటి బాకీ పెడితే రిజర్వ్ బ్యాంక్ బ్యాంక్ రేటుకు మూడు రెట్ల వడ్డీ, అదీ నెలనెలా చక్రవడ్డీ లెక్కన కట్టాలి. కౌన్సిల్ తీర్పు మీద ఆ కంపెనీ కోర్టుకు వెళ్లాలంటే ముందు 75 శాతం డిపాజిట్ చేయాలి. 90 రోజుల్లో తేల్చాలని చట్టం అంటుంది. అంతకంటే ఎక్కువే పడుతుంది, ఓపిక పట్టండి. రిజిస్ట్రేషన్ లేకపోతే కమర్షియల్ కోర్టులో దావా వేయాలి. దానికి ముందు మధ్యవర్తిత్వం తప్పనిసరని సుప్రీంకోర్టు 2022 ఆగస్టులో చెప్పింది.

ఇక గడువు. దావా వేయడానికి చట్టం ఇచ్చే మూడేళ్ల గడువు (లిమిటేషన్) లెక్కలో 2020 మార్చి 15 నుంచి 2022 ఫిబ్రవరి 28 వరకు ఉన్న కాలాన్ని సుప్రీంకోర్టు మినహాయించింది. 48 లక్షలకు మీ గడియారం 2022 మార్చి 1నే మొదలైంది. 64 లక్షలకు అప్పటికే ఒక నెల ఖర్చయింది కాబట్టి 2025 జనవరి దాటనివ్వకండి. ఈలోగా వాళ్ల అకౌంట్స్ విభాగం నుంచి సంతకంతో బ్యాలెన్స్ కన్ఫర్మేషన్ (ఇంత బాకీ ఉన్నామని ఒప్పుకునే పత్రం) రాయించుకోగలిగితే ఆ తేదీ నుంచి మళ్లీ మూడేళ్లు వస్తాయి. ఫోన్‌లో “చూద్దాం లెండి” అన్న మాట లెక్కలోకి రాదు.

ప్రశ్న: మావారు పోయాక ఆయన షేర్లు నా పేరుకు మారాయి. ఆ లిస్టెడ్ కంపెనీ ఏజీఎం (వాటాదారుల వార్షిక సమావేశం) ఆన్‌లైన్‌లో జరిగింది. ముందే మెయిల్ చేసిన నా ప్రశ్నను చదవనే లేదు. అడిగే హక్కు నాకు లేదా?

జవాబు: ఉందమ్మా. 2020 మే 5న కంపెనీ వ్యవహారాల శాఖ వీడియోలో ఏజీఎంకు అనుమతి ఇచ్చింది. ఆ వెసులుబాటును పొడిగిస్తూ వచ్చారు. దానితో పాటు షరతులూ పెట్టారు. సభ్యులు అప్పటికప్పుడు ప్రశ్న అడిగే వీలుండాలి, లేదా ముందుగా మెయిల్‌లో పంపే సమయం ఇవ్వాలి. మీటింగ్‌లో మాట్లాడిందంతా రికార్డు చేసి, పబ్లిక్ కంపెనీ అయితే ఆ రాతప్రతిని వెబ్‌సైట్‌లో పెట్టాలి. ముందు అది తెరిచి చూడండి.

ఇల్లు కదలలేని వాళ్లు కూడా మీటింగ్‌లో కూర్చోగలిగారు కాబట్టి ఆన్‌లైన్ ఏజీఎం నాకు ఇష్టమే. అయితే హాల్లో లేచి నిలబడిన మనిషిని పట్టించుకోకుండా ఉండటం కష్టం, తెరమీద మెయిల్ పక్కన పెట్టడం తేలిక. అందుకే వచ్చే ఏడాది నోటీసు రాగానే అందులో చెప్పిన గడువులోగా స్పీకర్‌గా పేరు నమోదు చేసుకోండి. ఈసారి ప్రశ్నకు మాత్రం మెయిల్ కాపీ, ఫోలియో లేదా డీమ్యాట్ నంబర్ జతచేసి కంపెనీ సెక్రటరీకి మళ్లీ రాయండి. బదులు రాకపోతే షేర్ మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ నడిపే స్కోర్స్ పోర్టల్‌లో ఫిర్యాదు పెట్టండి, దానికి ఫీజు లేదు.