చలి ఎవరికి? నాకు!

తమ్ముడూ, ఐస్‌లాండ్ రాజధాని రేక్యవీక్‌లో ఏ జాకెట్ కొనాలని అడిగావు. అది షాపువాడే చెబుతాడు. చలేస్తోందని నోరు తెరిచి చెప్పడం నేర్పేవాళ్లే ఉండరు. ఇంగ్లిష్‌తో ఉద్యోగం గడిచిపోతుంది, కానీ సాయంత్రం పలకరించే మనిషి దొరకడు. నా బెంగల్లా అదే.

ఇక్కడి భాష ఐస్‌లాండిక్‌లో 'చల్లని' అనడానికి మాట 'ఖల్తుర్', ఇది పుంలింగం. రాతలో 'డి' ఉన్నా పలుకు మన 'త'. మొదటి అక్షరం మాత్రం ఒత్తు 'ఖ'. స్త్రీలింగంలో 'ఖోల్త్', నపుంసకంలో 'ఖల్త్'. ఈ చివరిదాంట్లో 'ల్' అనేటప్పుడు గొంతు మోగకూడదు, గాలి మాత్రమే రావాలి.

మనవాళ్లు 'ఐ యామ్ కోల్డ్'ని మక్కికి మక్కి దించి 'యేగ్ ఎర్ ఖల్తుర్' అంటారు. మొదట్లో నేనూ అన్నవాణ్నే. అలా అంటే నీ ఒళ్లు చల్లగా ఉందనో, నీకు తెగింపు ఎక్కువనో అర్థం. ఇంగ్లిష్‌ని పక్కన పెట్టు. తెలుగులో ఏమంటావు? నాకు చలిగా ఉంది. 'నేను' కాదు, 'నాకు'. ఇక్కడా అంతే: 'మ్యేర్ ఎర్ ఖల్త్'. మ్యేర్ అంటే నాకు. చెప్పేది ఆడైనా మగైనా ఖల్త్ మారదు. పిల్లాణ్ని బడిలో దింపుతూ 'వాడికి చలేస్తోంది' అనాలంటే 'హోనుమ్ ఎర్ ఖల్త్'. వేడికీ ఇదే పద్ధతి: 'మ్యేర్ ఎర్ హేయ్త్'.

ఫారో దీవులకు బదిలీ అయినా ఈ 'నాకు' వెంట వస్తుంది, మ్యేర్ బదులు 'మేఅర్' అంటారు. స్త్రీలింగ రూపంలో ఐస్‌లాండిక్ 'ఓ' మీద రెండు చుక్కలుంటే, ఫారో దీవుల భాష ఫారోయీజ్‌లో 'ఓ'కి అడ్డంగా గీత ఉంటుంది.

జలుబు దగ్గర మాత్రం 'నాకు' పనిచేయదు. 'యేగ్ ఎర్ మెద్ ఖ్వెవ్' అనాలి. ఫారోయీజ్‌లో జలుబుని 'ఖ్రుయ్మ్' అంటారు. వాతావరణ వార్తల్లో 'ఖల్తి' వినిపిస్తే చలి అనుకోకు, అది సెకనుకు 8 నుంచి 10 మీటర్ల గాలి. ఉష్ణోగ్రత సున్నా కిందకి పోతే 'ఫ్రోస్త్' అంటారు. జనవరిలో రేక్యవీక్ సగటు సున్నా చుట్టుపక్కలే, ఒళ్లు కోసేది గాలే.

శాశ్వత నివాసానికి భాషా కోర్సు నిబంధనలు ఇమిగ్రేషన్ శాఖ సైట్‌లో చూసుకో.

నేర్చుకున్నది వాడాలంటే ఈత కొలనుకి పో. సబ్బుతో, బట్టల్లేకుండా స్నానం చేశాకే దిగాలి, సిగ్గుపడకు. వేడినీళ్ల తొట్టిలో పక్కనే కూర్చున్నవాళ్లు ఊరికే మాట కలుపుతారు. చన్నీళ్ల తొట్టిలోంచి వణుకుతూ ఎవరైనా వచ్చారా, నీకు చలేస్తోందా అని అడుగు: 'ఎర్ థ్యేర్ ఖల్త్?'