క్లోనజెపామ్ వేసుకోవాలంటే భయమేస్తాంది, వాడినోళ్ళు చెప్తారా? వాడినోడి జవాబు

తమ్ముడూ, నువ్వు రాసింది రెండుసార్లు చదివినా. డాక్టరు పొద్దున్నకి ఎస్సిటలోప్రామ్ (ఆందోళనకి రోజూ వేసుకునే మందు), రాత్రికి క్లోనజెపామ్ 0.5 ఎంజీ (దడ తగ్గించి నిద్ర తెప్పించే మాత్ర) మూడు వారాలకి రాసిచ్చినాడు, నెట్‌లో చూస్తే అలవాటు పడిపోతారని ఉంది, స్ట్రిప్ చేతిలో పట్టుకుని రెండు రోజుల నుంచి కూర్చున్నా అని రాసినావు. నేను ఈ జాతి మాత్రలు వాడినా. తప్పుగా వాడినా, తర్వాత సరిగ్గా కూడా వాడినా, అందుకే పొడుగ్గా రాస్తాండా, ఓపికుంటే చదువు. డాక్టర్ని కాదు నేను, తాడిపత్రిలో ఒక గ్రానైట్ పాలిషింగ్ ఫ్యాక్టరీలో లెక్కలు రాసుకునేవాణ్ణి, ఇల్లు అనంతపురంలో.

ముందు నీ భయం సంగతి. డాక్టరు చూసి మూడు వారాలకి అని లెక్క పెట్టి రాసిచ్చిన మాత్రకి అంత భయపడే పని లేదు. ఆ చీటీ అయిపోయినాక మనమే మెడికల్ షాపుకి పోయి ఇంకో స్ట్రిప్ ఇయ్యప్పా అంటాం చూడు, భయం అప్పుడుండాల. నాకి అప్పుడు లేకపోయె.

నాకి ఈ దడ, ప్యానిక్ అటాక్ అంటారు, మొదటిసారి వచ్చింది 2019 జూన్‌లో, తాడిపత్రి బస్సులో. కిటికీ పక్కన కూర్చోనుండా, గొడవల్లేవు, ఆలోచనల్లేవు, ఉన్నట్టుండి గుండెని లోపల నుంచి ఎవరో గుద్దుతాన్నట్టు, వేళ్ళు తిమ్మిర్లు, గొంతుకి ఏదో అడ్డం పడినట్టు, ఇంగ నా పని అయిపాయ, పాప స్కూలు ఫీజు కూడా కట్టలేదే అనుకున్నా (సచ్చిపోతాననుకునే టైంలో ఫీజు ఎందుకు గుర్తొచ్చిందో ఇప్పటికీ తెలీదు). కండక్టరు బస్సు ఆపించి కిందికి దింపి మొగాన నీళ్ళు కొట్టినాడు, ఎనక సీట్లో ఉన్న ఒక పెద్దామె నిమ్మకాయ ముక్కు దగ్గర పెట్టింది. ఈసీజీ, ఎకో, థైరాయిడ్ అన్నీ తీయించినాం, అన్నీ నార్మల్. నార్మల్ అంటే సంతోషపడాల గదా, నాకి భయం ఇంకా ఎక్కువైంది, ఇన్ని మిషన్లకి కూడా దొరకని రోగం ఏందిరా నాయనా అని.

ఇంట్లో మా జేజి గాలి సోకింది అని అంత్రం కట్టించింది, మా అమ్మ కసాపురం ఆంజనేయస్వామి దగ్గరకి తీసుకపోయి ఆకుపూజ చేయించింది. వాళ్ళని నేనేమీ అనను, నడినెత్తిన ఎండలో నా కోసం తిరిగినారు. మా వీధిలో ఉండే డాక్టరు మాత్రం అల్ప్రాజోలమ్ 0.25 (నీ క్లోనజెపామ్ జాతిదే) రాసి పది రోజులు రాత్రిపూట వేసుకో అన్నాడు. ఎన్ని రోజులు అనేది చీటీలో రాసినాడు. ఆపేది ఎట్ల అనేది ఆయన చెప్పలేదు, నేనూ అడగలేదు.

అబద్ధం ఎందుకు, మొదటి రాత్రి భలే అనిపించింది. కొంచేపటికే భుజం మీద నుంచి శనక్కాయల మూట దించినట్టు అయింది, సంగటి రెండు ముద్దలు తిని తెల్లారేదాకా పండుకున్నా. ఆ మాత్రని నేను తిట్టను. వారం రోజులు నిద్రలేనోడికి ఒక రాత్రి నిద్ర అంటే ఏందో పడినోడికే తెలుసు.

అక్కడ ఆగింటే బాగుండు. పది రోజులు అయిపోయినాక కూడా స్ట్రిప్ చొక్కా జేబులో పెట్టుకునే బస్సెక్కేవాణ్ణి. జేబు తడుముకుని ఆ రేకు గరగరమంటే చాలు, మాత్ర నోట్లో పడకముందే సగం దడ తగ్గిపోయేది. ఇందులో ఒక తిరకాసు ఉంది, నాకి చానా లేటుగా అర్థమైంది. ఆ దడ వచ్చినప్పుడు పది నిమిషాల్లోపే శిఖరానికి పోయి దానంతట అదే దిగడం మొదలుపెడతాది. మాత్ర రక్తంలోకి పోయి పూర్తిగా పనిచేయాలంటే గంట, ఒక్కోసారి రెండు గంటలు. అంటే మాత్ర పని మొదలుపెట్టే లోపలే అటాక్ సగం పోయుంటాది, పేరు మాత్రం మాత్రకి పోతాది. మనం నమ్మేస్తాం, అది లేకపోతే సచ్చేవాణ్ణి అని.

రాత్రి ఒకటి కాస్తా పొద్దున ఒకటి రాత్రి ఒకటి అయింది, అది 0.5 అయింది, సంక్రాంతికల్లా రోజుకి మూడు 0.5లు. మెడికల్ షాపు అబ్బి తెలిసినోడు, చీటీ అడగడు. అల్ప్రాజోలమ్ షెడ్యూల్ హెచ్1 అని సర్కారు కట్టడి పెట్టిన మందుల లిస్టులో ఉంది, 2014 నుంచి ఆ రూలు, చీటీ లేకుండా అమ్మకూడదు, అమ్మినప్పుడు డాక్టరు పేరు, పేషెంటు పేరు వేరే రిజిస్టర్లో రాసి మూడేళ్ళు దాచాల. స్ట్రిప్ మీద ఎర్రగీతల డబ్బాలో హెచ్చరిక కూడా ఉంటాది. నేను తొమ్మిది నెలలు ఆ డబ్బాని రోజూ చూసినా, ఒక్కరోజు చదవలేదు.

దాని వల్ల ఏం జరిగిందంటే, చిన్నచిన్నవే. ఒక పార్టీకి ఒకే ఇన్‌వాయిస్ రెండుసార్లు కొట్టి పంపినా, ఓనర్ అడిగితే మొదటిది కొట్టినట్టు నాకి గుర్తే లేదు. పాప రాత్రి ఏదో చెప్పి, పొద్దున "నాన్నా నిన్న చెప్పినా గదా" అంటే మొగం వేలాడేసేవాణ్ణి. మా నాయన ఒకరోజు నిద్ర పట్టలేదని నాకి చెప్పకుండా నా స్ట్రిప్‌లో నుంచి ఒకటి వేసుకున్నాడు, రాత్రి బాత్రూంకి లేచి కాలు తూలి పడినాడు, మోచెయ్యి చీరుకుని నాలుగు కుట్లు. పెద్దోళ్ళకి ఈ మాత్రలు పడితే తూలి పడిపోతారని తర్వాత తెలిసింది. ఆ రోజు నుంచి మా ఇంటామె స్ట్రిప్ తీసి పోపుల డబ్బా ఎనక దాచి లెక్కపెట్టి ఇచ్చేది, నేను ఆమెకి తెలీకుండా ఇంకో స్ట్రిప్ ఆఫీసు సొరుగులో పెట్టుకున్నా. సిగ్గే గానీ జరిగింది జరిగినట్టు రాస్తాండా.

2020లో ఉగాది రోజే లాక్‌డౌన్ మొదలైంది గదా, మార్చి 25. తెలిసిన షాపు మూసేసినారు, వేరే షాపుల్లో చీటీ ఏదన్నారు. సరేలే, ఇంట్లోనే ఉండాం గదా, ఇదే మంచి టైము, ఆపేద్దాం అని ధైర్యంగా ఆపేసినా. ఆ ధైర్యం రెండో రాత్రికి ఎగిరిపోయింది. రెప్ప పడదు, కుక్కర్ విజిల్ వేస్తే చెవి దగ్గర బాంబు పేలినట్టు, దుప్పటి తడిసేంత చెమట, గ్లాసు పట్టుకుంటే నీళ్ళు తొణుకుతాన్నాయి. బస్సులో వచ్చింది దీని ముందర ఆటబొమ్మ. జబ్బు ముదిరింది, పిచ్చి పట్టింది అనే అనుకున్నా. నాలుగో రోజు ఒక సైకియాట్రిస్ట్‌కి ఫోన్ చేస్తే వెంటనే రమ్మన్నాడు. గడియార స్తంభం దగ్గర పోలీసులు ఆపినారు, ఫైలు తీసి చూపియ్యబోతే కాగితాలన్నీ చేతిలో వణికి కింద పడినాయి, ఆ కానిస్టేబులే వంగి ఏరిచ్చి "పో అన్నా, జాగ్రత్త, బండి ఎనక కూర్చో" అన్నాడు (బండి మా బామ్మర్ది నడుపుతాండె).

డాక్టరు మొదటి మాట "ఎవరు ఆపమన్నారు ఒక్కసారిగా, ఫిట్స్ వచ్చేవి తెలుసా?" నాకి ఆయన చెప్పింది నీకి చెప్తా. మెదడులో గాబా అని ఒకటుంటాది, బండికి బ్రేకు లాంటిది. ఈ మాత్రలన్నీ, అల్ప్రాజోలమ్ గానీ క్లోనజెపామ్ గానీ లోరాజెపామ్ గానీ, ఆ బ్రేకుకి బలం ఇస్తాయి. నెలల తరబడి బయటి నుంచి ఎవరో బ్రేకు తొక్కుతాంటే మెదడు సొంతంగా తొక్కేది తగ్గించుకుంటాది, ఒక్కసారిగా కాలు తీసేస్తే దిగుడులో లోడు లారీ ఎట్ల పోతాదో అట్ల. అది రోగం తిరగబెట్టడం కాదు, మాత్ర మానేసిన దెబ్బ. ఇది ఎంత పెద్ద విషయమంటే 2020లోనే అమెరికాలో మందుల్ని చూసుకునే సర్కారు సంస్థ ఎఫ్‌డీఏ ఈ రకం మాత్రలన్నింటి మీదా అలవాటు గురించి, మానేటప్పుడు వచ్చే దెబ్బ గురించి గట్టి హెచ్చరిక వేయించింది. తెలంగాణ పక్క కల్తీ కల్లులో కలుపుతారని పేపర్లో వస్తాంటాది చూడు, అది కూడా ఈ అల్ప్రాజోలమే. ఆ కల్లు ఆగిపోతే జనం వణుక్కుంటా ఆస్పత్రికి పోయేది ఎందుకో నాకి ఆరోజు అర్థమైంది.

ఆయన నన్ను అల్ప్రాజోలమ్ నుంచి క్లోనజెపామ్‌కి మార్చినాడు. ఎందుకంటే మొదటిది దాదాపు 11 గంటలకే సగానికి పడిపోతాది, అందుకే నాకి మధ్యాహ్నానికల్లా మళ్ళ దడ. క్లోనజెపామ్ 30, 40 గంటలు తీసుకుంటాది, దిగేటప్పుడు మెల్లగా దిగొచ్చు. ఎంత డోసు, ఎన్ని రోజులకి ఎంత తగ్గించాల అనేది నేను రాయను, మనిషి మనిషికి వేరే, నా లెక్క చూసి ఇంకొకరు చేస్తే నాకి పాపం. మాత్రని సగం చేసేది ఎంత కష్టమో మాత్రం చెప్తా. బ్లేడుతో కోస్తే ఒక ముక్క గోడకి ఎగిరి తగిలేది, ఇంకోటి పిండి అయ్యేది. మెడికల్ షాపులో మాత్రలు కోసే చిన్న డబ్బా దొరుకుతాది, అది కొనుక్కున్నాకే కుదురైంది. చివరి పావు ముక్క సెప్టెంబర్‌లో వేసుకున్నా, అంటే ఐదు నెలలు పట్టింది. మధ్యలో ఒకసారి తొందరపడి తగ్గిస్తే మళ్ళ నిద్ర పోయింది, డాక్టరు తిట్టకుండా ఆ మెట్టు దగ్గరే ఇంకో రెండు వారాలు నిలబెట్టినాడు.

దాంతో పాటు నాకీ ఎస్సిటలోప్రామ్ పెట్టినాడు. నీ విషయంలో కూడా అసలు మందు అదే తమ్ముడూ. అది గుణం చూపించేదానికి రెండు నుంచి ఆరు వారాలు పడతాది, మొదటి వారం పది రోజులు కడుపులో తిప్పినట్టు, దడ కొంచెం ఎక్కువైనట్టు కూడా అనిపిస్తాది. ఆ గండం దాటించేదానికే మామూలుగా క్లోనజెపామ్ తోడు ఇస్తారు, వంతెన అనుకో. నీ డాక్టరు మూడు వారాలు అనింది అందుకే అయ్యుంటాది. చానామంది చేసే తప్పేందంటే, క్లోనజెపామ్ వేసుకుంటే హాయిగా ఉంది, ఆ ఇంకోదాంతో కడుపు తిప్పుతాంది అని మందు మానేసి వంతెన మీదే కాపురం పెడతారు. నీకి 24 ఏళ్ళ లోపయితే ఇంకోటి, ఎస్సిటలోప్రామ్ మొదట్లో చెడ్డ ఆలోచనలు గానీ కుదురులేనితనం గానీ ఎక్కువైతే తర్వాత పోదాంలే అనుకోకుండా అదే రోజు డాక్టర్‌కి చెప్పు, ఇంట్లో ఒకరికి కూడా ముందే చెప్పిపెట్టు.

ఈ మాత్రలు వాడుతాండంగా ఫంక్షన్లలో ఒక్క పెగ్గే గదా అంటారు మనోళ్ళు, ఒక్కటి కూడా వద్దు. ఈ మాత్రకి తాగుడు తోడైతే ఊపిరి మందగించి నిద్రలోనే పోయినోళ్ళున్నారు. ట్రమడాల్ లాంటి గట్టి నొప్పి మాత్రలు, కోడీన్ ఉండే దగ్గు మందు వాడుతాంటే అదీ డాక్టర్‌కి చెప్పు.

మాత్రలు కాకుండా నన్ను బాగా నిలబెట్టింది బస్సే. కౌన్సెలింగ్ చేసినామె ఫస్టు రోజు బస్టాండ్ దాకా పోయి రమ్మనింది, తర్వాత ఆగి ఉన్న బస్సులో ఐదు నిమిషాలు కూర్చోమనింది, ఆ తర్వాత ఒక స్టాపు. జేబులో స్ట్రిప్ లేకుండా. నవ్వులాటగా ఉంటాది గానీ ఆగి ఉన్న బస్సులో కూర్చునేదానికి నాకి మూడు రోజులు పట్టింది. నీకి దగ్గర్లో అట్లాంటివాళ్ళు లేకపోతే 14416కి ఫోన్ చెయ్, టెలి మానస్ అని మనసు బాధలకి సర్కారు హెల్ప్‌లైన్ 2022 నుంచి ఉంది, డబ్బులేం లేవు, తెలుగులో మాట్లాడతారు.

డాక్టర్‌కి ఇంకోసారి ఫోన్ చేసి ఒక్కటి అడుగు. మూడు వారాలు అయినాక ఎట్ల ఆపాల, ఒకేసారి ఆపాల్నా తగ్గించి ఆపాల్నా, ఆ రోజు మిమ్మల్ని మళ్ళ చూడాల్నా అని. చెప్పిన తేదీ క్యాలెండర్లో గీసిపెట్టు. నేను మొదటి రోజు ఈ ఒక్క ముక్క అడిగింటే తొమ్మిది నెలలు మిగిలేవి.

నాకి ఇప్పటికీ ఏడాదికి ఒకటో రెండో వస్తాంటాయి. పోయిన నెల కూడా వచ్చింది, అదే తాడిపత్రి బస్సులో. వాచీ చూసుకుంటా కూర్చున్నా, తొమ్మిది నిమిషాలు. బస్సు దిగేసరికి ఆకలేసి ఉగ్గాని బజ్జీ తిని ఫ్యాక్టరీకి పోయినా. నువ్వు వేసుకున్నాక మరుసటి రోజు మత్తు ఎట్లుందో రాయి, ఆ వారం మాత్రం బండి తియ్యొద్దు.