టెక్ సందేహాలు: కోడ్ చెప్పేది సిలిండర్ నంబరే, పాడైన పార్టు కాదు

ప్రశ్న: మాది 2020 మోడల్ వ్యాగన్ఆర్ 1.0, కంపెనీ సీఎన్‌జీ. 52 వేల కిలోమీటర్లు తిరిగింది. గ్యాస్ మీద ఫ్లైఓవర్ ఎక్కేటప్పుడు మిస్సింగ్ వస్తోంది, పెట్రోల్‌కి మారిస్తే పోతోంది. బ్లూటూత్ ఓబీడీ స్కానర్ (బండి కంప్యూటర్‌లోని లోపాల కోడ్‌లు చదివే పరికరం) పెట్టి ఫోన్లో చూస్తే పీ0302 అని వచ్చింది. కాయిల్ (ప్లగ్‌కి ఎక్కువ వోల్టేజీ ఇచ్చేది) మార్చాలంటున్నారు. ముందు స్పార్క్ ప్లగ్గులు నేనే మార్చి చూడొచ్చా? (వరంగల్ పాఠకుడు)

జవాబు: మార్చుకోవచ్చు. కాకపోతే దేనికీ డబ్బు పెట్టకముందే ఒక పరీక్ష చేయండి. పీ0302 అంటే రెండో సిలిండర్లో మంట సరిగా అంటుకోలేదని మాత్రమే అర్థం. కారణం కాయిలా, ప్లగ్గా, ఇంజెక్టరా అన్నది ఆ కోడ్‌కి తెలియదు. 2, 3 సిలిండర్ల కాయిల్స్ అటూ ఇటూ మార్చి, యాప్‌లో కోడ్ చెరిపేసి, అదే ఫ్లైఓవర్ గ్యాస్ మీద ఎక్కించండి. (ఫ్యాన్ బెల్ట్ వైపు ఉన్నది ఒకటో సిలిండర్.) ఈసారి పీ0303 వస్తే తప్పు కాయిల్‌దే. మళ్లీ పీ0302 వస్తే ముందు ప్లగ్‌ని అనుమానించాలి. చెక్ ఇంజిన్ లైటు ఆరుతూ వెలుగుతూ ఉంటే మాత్రం బండి తిప్పకండి. కాలని ఇంధనం పొగను శుద్ధి చేసే క్యాటలిటిక్ కన్వర్టర్‌లోకి వెళ్లి అక్కడ మండుతుంది, అది పాడైతే ఖర్చు చాలా పెద్దది.

మీ లక్షణాలను బట్టి నా అనుమానం ప్లగ్గుల మీదే. పెట్రోల్ కంటే సీఎన్‌జీని అంటించడానికి ఎక్కువ వోల్టేజీ కావాలి. ఎత్తు ఎక్కేటప్పుడు సిలిండర్లో ఒత్తిడి పెరుగుతుంది కాబట్టి ఇంకా ఎక్కువ కావాలి. ప్లగ్ కొన అరిగి గ్యాప్ (నిప్పురవ్వ దూకే ఖాళీ) పెరిగితే ఆ భారమంతా కాయిల్ మీద పడుతుంది. అలాగే నడిపితే బాగున్న కాయిల్ కూడా పోతుంది.

ప్లగ్గులు మూడూ ఒకేసారి మార్చండి. పార్టు నంబరు మాన్యువల్లో ఉన్నదే తీసుకోండి. ఎన్‌జీకే నంబర్లలో హీట్ అంకె పెరిగితే ప్లగ్ చల్లనిది (వేడిని త్వరగా వదిలేది), బాష్‌లో పెరిగితే వేడిది. అందుకే అంకెలు చూసి ఉజ్జాయింపుగా కొనకూడదు. ప్లగ్గులు చేతికొచ్చాక వాటి ఆరు పలకల కొలత చూసి, 14 గానీ 16 గానీ, సరిపోయే ప్లగ్ సాకెట్ కొనండి. లోపల రబ్బరో అయస్కాంతమో ఉన్నది కావాలి. దాంతోపాటు 150 మి.మీ. ఎక్స్‌టెన్షన్, కాయిల్ బోల్టులకు 10 మి.మీ. సాకెట్.

ఇంజిన్ పూర్తిగా చల్లారాలి, రాత్రి ఆపిన బండిని పొద్దున్నే విప్పడం మేలు. ప్లగ్గులు బిగించి ఉండే ఇంజిన్ పైభాగం, అంటే అల్యూమినియం హెడ్, వేడిగా ఉన్నప్పుడు ప్లగ్ తిప్పితే మరలు చెడతాయి. కనెక్టర్ క్లిప్పు వేడికి పెళుసుబారి ఉంటుంది, నొక్కి పట్టుకుని లాగండి, స్క్రూడ్రైవర్‌తో పెకలించకండి. కాయిల్‌ని కొద్దిగా అటూ ఇటూ తిప్పి నిలువుగా పైకి తీయండి. ప్లగ్ విప్పకముందు ఆ గుంతలో టైరు పంపుతో గాలి కొట్టండి. అక్కడి ఇసుక రేణువు సిలిండర్లో పడితే గోడలు గీసుకుపోతాయి.

కొత్త ప్లగ్ పెట్టేటప్పుడు రాచెట్ పిడి పక్కన పెట్టేయండి. ఎక్స్‌టెన్షన్‌ని వేళ్లతో పట్టుకుని ముందు ఎడమకి నెమ్మదిగా తిప్పండి, మర మొదలు దొరికినప్పుడు చిన్నగా టక్‌మని దిగినట్టు వేళ్లకు తెలుస్తుంది. అప్పుడు కుడికి తిప్పాలి. చివరిదాకా వేళ్లతోనే దిగాలి. రెండు చుట్లకే బిగుసుకుంటే మర తప్పినట్టే, బలం పెట్టకుండా వెనక్కి తీయండి. హెడ్‌లో మర పోతే ఇక మెకానిక్ దగ్గరికి వెళ్లాల్సిందే.

బిగింపు మాన్యువల్ ప్రకారం ఉండాలి. వాషర్ ఉన్న ప్లగ్‌కి అల్యూమినియం హెడ్‌లో మామూలుగా 14 మి.మీ. మరకు 25 నుంచి 30 న్యూటన్ మీటర్లు, 12 మి.మీ. మరకు 15 నుంచి 20. టార్క్ పానా (బిగింపు బలం కొలిచేది) లేకపోతే వాషర్ తగిలాక దాదాపు అర చుట్టు. ఎంత తిప్పాలో ప్లగ్ డబ్బా మీద బొమ్మ ఉంటుంది. వదులైతే ప్లగ్ వేడి హెడ్‌లోకి పోక కొన కాలిపోతుంది. మరలకు గ్రీజు రాయకండి, రాస్తే అదే టార్క్‌కి ఎక్కువ బిగుస్తుంది. ఇరిడియం ప్లగ్ సన్నని కొన మీద నాణెంలాంటి గ్యాప్ గేజ్ వాడొద్దు, విరుగుతుంది. నేల మీద పడిన ప్లగ్ వాడకండి. పింగాణీలో కంటికి కనపడని పగులు మళ్లీ మిస్సింగ్ తెస్తుంది.

పాత ప్లగ్గులు పారేయకుండా వరసగా పెట్టి చూడండి. కొన లేత గోధుమరంగులో ఉంటే ఆరోగ్యం. పొడి మసి అంటే ఇంధనం ఎక్కువవుతోంది, తడి నూనె అంటే పిస్టన్ రింగులు గానీ వాల్వు సీళ్లు గానీ అరిగినట్టు. నూనె పైభాగంలోనే, గుంతలో ఉంటే వాల్వు కవర్ సీలు కారుతోంది. అది మార్చకపోతే కొత్త కాయిల్ రబ్బరు కూడా ఉబ్బిపోతుంది.

ప్లగ్గులు మార్చాక కూడా గ్యాస్ మీదే పీ0302 వస్తుంటే ఆ సిలిండర్ గ్యాస్ ఇంజెక్టర్ చూపించాలి. ఆ పని మాత్రం అధీకృత సీఎన్‌జీ వర్క్‌షాపులోనే.

ప్రశ్న: తీసిన ప్లగ్ తెల్ల పింగాణీ మీద, ఇనుప భాగానికి ఆనుకుని గోధుమరంగు వలయం ఉంది. గ్యాస్ లీకైందా? (గుంటూరు పాఠకురాలు)

జవాబు: మరక పైకి చారల్లా పాకకుండా వలయంలాగే ఉంటే లీకు కాదు. ఎక్కువ వోల్టేజీ వల్ల అక్కడి గాలిలోని నూనె తుంపరలు పింగాణీకి అంటుకుని అలా మరకపడుతుంది. దాన్ని కరోనా మరక అంటారు. మరక ఒక్కటే చూసి ప్లగ్ మార్చనక్కర్లేదు, గ్యాప్ కొలిచి చూడండి.