ఎన్‌ఎఫ్‌ఎల్ యూరప్‌లో ఆడినవాళ్ల కెరీర్ నిజంగా బాగుపడిందా?

కొద్దిమందికి దశ తిరిగింది, ఎక్కువమంది కథ అక్కడితోనే ముగిసింది. 1991లో వరల్డ్ లీగ్‌గా మొదలై, రెండు సీజన్లకే ఆగి, 1995లో ఐరోపా జట్లతో మళ్లీ వచ్చి 2007 దాకా నడిచిన అమెరికన్ ఫుట్‌బాల్ లీగ్ ఇది; నడిపింది అమెరికాలోని ప్రధాన లీగ్ ఎన్‌ఎఫ్‌ఎల్. అమెరికా జట్లు బెంచీ మీదున్న కుర్రాళ్లను వసంతకాలంలో అక్కడికి పంపేవి.

కర్ట్ వార్నర్‌నే చూడండి. 1994లో ఎన్‌ఎఫ్‌ఎల్ జట్టు గ్రీన్ బే ప్యాకర్స్ వద్దనుకుంటే, అయోవాలో ఓ కిరాణా సూపర్‌మార్కెట్లో రాత్రి డ్యూటీలో అరల్లో సరుకులు సర్దాడు. ఇండోర్ ఫుట్‌బాల్ ఆడాడు. 1998లో మరో ఎన్‌ఎఫ్‌ఎల్ జట్టు రామ్స్ అతన్ని ఈ ఐరోపా లీగ్‌లోని ఆమ్‌స్టర్‌డామ్ అడ్మిరల్స్‌కు పంపింది. మరుసటి ఏడాది రామ్స్ ప్రధాన క్వార్టర్‌బ్యాక్ (దాడిని నడిపిస్తూ బంతి విసిరే ఆటగాడు) ట్రెంట్ గ్రీన్ మోకాలికి దెబ్బ తగలడంతో వార్నర్‌కు చోటు దొరికింది. ఆ సీజన్లోనే ఎంవీపీ (అత్యుత్తమ ఆటగాడి అవార్డు), ఆపై సూపర్ బౌల్ (ఎన్‌ఎఫ్‌ఎల్ ఫైనల్) గెలుపు! ఆమ్‌స్టర్‌డామ్‌లో అతని వెనక బెంచీ మీదున్న జేక్ డెలోమ్ కూడా తర్వాత సూపర్ బౌల్ ఆడాడు.

క్వార్టర్‌బ్యాక్‌లకే ఈ లీగ్ ఎక్కువ అక్కరకొచ్చిందని నా అభిప్రాయం. మీదికి దూకే డిఫెన్స్ ముందు నిలబడి బంతి విసరడం ప్రాక్టీసులో వచ్చేది కాదు మరి. క్వార్టర్‌బ్యాక్‌లే కాదు, బంతిని కాలితో తన్నే కిక్కర్ ఆడమ్ వినటియేరి కూడా 1996లో అక్కడ ఆడినవాడే. నష్టాలు భరించలేక చివరికి ఎన్‌ఎఫ్‌ఎల్ దాన్ని మూసేసింది.