వేల్స్ ఇంగ్లండ్‌లో భాగమే కదా, అక్కడ ఇంగ్లీష్ ఒక్కటి వస్తే సరిపోదా?

మావారికి వేల్స్‌లోని కార్డిఫ్‌లో ఉద్యోగం వచ్చింది, బాబుకి నాలుగేళ్ళు, అక్కడ వెల్ష్ అనే భాష ఏదో ఉందంటున్నారు, బడిలో అది కూడా పిల్లాడి నెత్తిన రుద్దుతారా అని మీరు అడిగారు. మాది తెనాలి. ఏడేళ్ళుగా కార్డిఫ్‌లో ఉంటున్నాం, మా పాప వెల్ష్ మీడియం బడిలోనే చదువుతోంది. అందుకని నాకు తెలిసింది చెబుతాను, కాస్త పొడుగవుతుంది.

ఉద్యోగానికి, బజారుకి, బ్యాంకుకి, డాక్టరుకి ఇంగ్లీష్ చాలు. ఆ టెన్షన్ ఇప్పుడే వదిలెయ్యండి. కానీ "ఇంగ్లండ్‌లో భాగం" అన్న ముక్క మాత్రం ఇక్కడ ఎవరి ముందూ అనకండి. నేను అన్నాను. వచ్చిన వారంలోనే పక్కింటి పెద్దావిడ పలకరించి, ఎలా ఉందమ్మా ఇక్కడ అని అడిగితే, మర్యాదకి ఇంగ్లండ్ చాలా బాగుందండీ అన్నాను. ఆవిడ నవ్వుతూనే "అలాగా, అక్కడికి ఎప్పుడు వెళ్ళొచ్చావు?" అంది. అది చురక అని తెలియడానికి నాకు రెండు రోజులు పట్టింది.

యునైటెడ్ కింగ్‌డమ్‌లో ఇంగ్లండ్, స్కాట్లండ్, వేల్స్, ఉత్తర ఐర్లండ్ అని నాలుగు దేశాలున్నాయి. వేల్స్‌ని ఇంగ్లండ్ రాజు మొదటి ఎడ్వర్డ్ 1282-83లో గెలిచి, ఈ జనం మళ్ళీ తలెత్తకుండా కాన్వీ, కైర్నార్వన్, హార్లెఖ్ లాంటి కోటలు కట్టించాడు (ఇప్పుడు మనం టికెట్ కొని ఫొటోలు దిగేది వాటి ముందే). 1536లో ఎనిమిదో హెన్రీ కాలంలో చట్టం చేసి దీన్ని ఇంగ్లండ్‌లో కలిపేశారు, కోర్టుల్లో ఇంగ్లీష్ తప్ప ఇంకోటి చెల్లదన్నారు. యూనియన్ జాక్‌లో ఇంగ్లండ్, స్కాట్లండ్, ఐర్లండ్ శిలువలు ఉండి వేల్స్ గుర్తు లేనిది అందుకే, ఆ జెండా తయారయ్యే నాటికి దీన్ని విడిగా లెక్కెయ్యడం మానేశారు. కార్డిఫ్‌ని రాజధాని అన్నదే 1955లో. సొంత అసెంబ్లీ కావాలా అని 1997లో ఓటింగ్ పెడితే కావాలన్నవాళ్ళు 50.3 శాతం, తేడా 6,721 ఓట్లు. మన దగ్గర చాలామంది ఎమ్మెల్యేలకి అంతకన్నా ఎక్కువ మెజారిటీ వస్తుంది. ఆ అసెంబ్లీనే ఇప్పుడు సెనెద్ అంటారు. బడులు, ఆసుపత్రులు దాని కిందికే వస్తాయి కాబట్టి మీ బాబు చదువు సంగతి లండన్‌లో కాదు, ఇక్కడే తేలుతుంది.

పేరు సంగతి కూడా చెప్పాలి. "వేల్స్" అన్నది ఇంగ్లీష్ వాళ్ళు పెట్టిన పేరు, పాత ఇంగ్లీష్‌లో పరాయివాళ్ళు అని. సొంతూళ్ళో ఉన్నవాళ్ళని పట్టుకుని పరాయివాళ్ళన్నారన్నమాట. వాళ్ళు తమ దేశానికి పెట్టుకున్న పేరు కమ్రి, దాని మూలంలో ఉన్న అర్థం తోటివాళ్ళు, మనవాళ్ళు అని.

భాష మొదట కనబడేది రోడ్డు మీద. మలుపు రాగానే పెద్ద తెల్ల అక్షరాలతో ఏ-ఆర్-ఏ-ఎఫ్ అని రాసి ఉంటుంది. వెల్ష్‌లో ఒంటి ఎఫ్ ఉంటే వ అని పలకాలి, కాబట్టి అది "ఆరవ్". నెమ్మదిగా పొమ్మని. మా తోడికోడలి కొడుకు పేరు ఆరవ్, ఈ సంగతి ఫోన్లో చెప్పినప్పటి నుంచి ఇంట్లో అందరూ వాణ్ణి స్లో అని ఏడిపిస్తున్నారు, వాడు నా మీద ఇంకా కోపంగానే ఉన్నాడు.

అసలు మజా వేరే ఉంది. కార్డిఫ్‌ని వెల్ష్‌లో కైర్‌డీద్ అంటారు. ఊళ్ళోకి వచ్చేచోట బోర్డు మీద మాత్రం "క్రోయిసో ఇ గైర్‌డీద్" అని ఉంటుంది, కార్డిఫ్‌కి స్వాగతం అని. క ఏమైపోయింది, గ ఎక్కణ్ణించి వచ్చింది? పెయింటర్ తప్పనుకున్నా. తర్వాత పాప "నేను కార్డిఫ్‌లో ఉంటాను" అని వెల్ష్‌లో చెప్తుంటే ఊరి పేరు ఈసారి ఙ తో మొదలైంది. మన వర్ణమాలలో ఏ పనీ లేకుండా కూర్చున్న ఙ కి ఇక్కడ ఉద్యోగం దొరికింది! పోయినేడాది నేనూ సాయంత్రం క్లాసులో చేరాను, అప్పుడు తెలిసింది, ముందు వచ్చే మాటని బట్టి తర్వాతి మాటలో మొదటి హల్లు మెత్తబడుతుంది, క గ అవుతుంది, ట డ అవుతుంది, ప బ అవుతుంది. డిక్షనరీలో గ దగ్గర వెతికితే మాట దొరకదు, క దగ్గర వెతకాలి. క్లాసులో అందరూ తల పట్టుకున్నారు. నాకు మాత్రం కూర, కాయ కలిస్తే కూరగాయ, తల్లి, తండ్రి కలిస్తే తల్లిదండ్రులు గుర్తొచ్చాయి. గసడదవాదేశ సంధి, సరళాదేశ సంధి అని బడిలో మార్కులు కోసింది వీటికే కదా. రెండు భాషలకీ చుట్టరికం ఏమీ లేదు, వెల్ష్ కెల్టిక్ కుటుంబంలోది, ఫ్రాన్స్‌లోని బ్రెటన్‌కి దగ్గర. కానీ చెవికి అలవాటైన సంగతి కాబట్టి, ఇంట్లో తెలుగు మాట్లాడే పిల్లలకి ఇది కొత్త వింతేమీ అనిపించదని నా నమ్మకం.

ఇంతకీ ఇంగ్లండ్ పక్కనే ఉండి ఈ భాష ఎలా బతికింది? బైబిల్‌ని 1588లోనే విలియమ్ మోర్గన్ వెల్ష్‌లోకి తెచ్చాడు. కోర్టులో చెల్లని భాష ప్రార్థనలో చెల్లింది. తర్వాత సండే స్కూళ్ళలో కూలిపని చేసుకునేవాళ్ళు కూడా వెల్ష్ చదవడం నేర్చుకున్నారు. దెబ్బ తగిలింది బడుల దగ్గర. 1847లో ప్రభుత్వం తరఫున వెల్ష్ రాని ముగ్గురు ఇంగ్లీష్ అధికారులు బడులని చూసి వెళ్ళి, ఈ జనం వెనకబడడానికి, నీతి లేకపోవడానికి ఈ భాష కూడా కారణమని రిపోర్టు రాశారు. "నీలి పుస్తకాల ద్రోహం" అని ఇప్పటికీ తిట్టుకుంటారు, ఆ రిపోర్టు అట్టలు నీలం రంగువి.

మీరు వచ్చాక ఒక ఆదివారం ఊరి బయట సెయింట్ ఫాగన్స్ మ్యూజియంకి వెళ్ళండి, ప్రవేశం ఉచితం, పాత ఇళ్ళని రాయి రాయి విప్పి తెచ్చి మళ్ళీ కట్టారు. అక్కడ ఒక చెక్క ముక్క ముందు నేను చాలాసేపు నిలబడిపోయాను. అరచేతిలో పట్టేంత ఉంటుంది, దాని మీద రెండు అక్షరాలు, డబ్ల్యూ, ఎన్. వెల్ష్ నాట్. 19వ శతాబ్దంలో చాలా బడుల్లో వెల్ష్ మాట్లాడిన పిల్ల మెడలో దీన్ని వేసేవారు. ఆ పిల్ల ఇంకొకరు వెల్ష్ మాట్లాడగా పట్టిస్తే అది వాళ్ళ మెడలోకి మారుతుంది. సాయంత్రం బడి వదిలేటప్పటికి ఎవరి మెడలో ఉంటే వాళ్ళకి దెబ్బలు. ఇది పైనుంచి వచ్చిన ఆర్డరు కూడా కాదు, చాలాచోట్ల తల్లిదండ్రులకీ ఇష్టమే, పిల్లలకి ఇంగ్లీష్ వస్తే బాగుపడతారని. నాకు మా స్కూలు గుర్తొచ్చింది. తెలుగులో మాట్లాడితే రూపాయి ఫైను, క్లాస్ లీడర్ నోట్‌బుక్‌లో పేర్లు రాసేది. ఆ లీడర్ని నేనే. మంచి చేతిరాత అని నన్ను పెట్టారు.

మా పక్కింటావిడ అమ్మానాన్నలు గనుల ఊరివాళ్ళు, వాళ్ళిద్దరూ మాట్లాడుకునేది వెల్ష్‌లో, పిల్లలతో మాత్రం ఇంగ్లీష్‌లో. ఉద్యోగాలు రావాలి కదా. దాంతో ఆవిడకి అర్థమవుతుంది గానీ నోరు తిరగదు. మా పాప పెరటి గోడ దగ్గర బడిపాట పాడుతూ మధ్యలో మర్చిపోతే ఆవిడ మాట అందిస్తుంది, పాప వెల్ష్‌లో ఏదైనా అడిగితే మాత్రం జవాబు ఇంగ్లీష్‌లోనే వస్తుంది. ఇలాంటి ఇళ్ళు ఎన్నో. 1911లో నూటికి 43 మందికి పైగా వెల్ష్ మాట్లాడేవారు, 2021 లెక్కల్లో 17.8 శాతం, అంటే సుమారు 5 లక్షల 38 వేల మంది. ఉత్తరాన గ్వినెద్ జిల్లాలో ఇప్పటికీ 64 శాతం, మన కార్డిఫ్‌లో 12 శాతం దాకా. 2050కి పది లక్షల మంది చేస్తామని ప్రభుత్వం అంటోంది. అవుతుందా అంటే నాకు అనుమానమే.

ఇక కాపెల్ కెలిన్ గురించి ఎవరో ఒకరు మీకు చెప్పే తీరతారు. ఇంగ్లండ్‌లోని లివర్‌పూల్‌కి నీళ్ళ కోసం ట్రవెరిన్ లోయలో డ్యామ్ కట్టి ఆ వెల్ష్ పల్లెని బడితో, చాపెల్‌తో, పోస్టాఫీసుతో సహా 1965లో ముంచేశారు. 1957లో బిల్లు పార్లమెంటుకి వస్తే వేల్స్ ఎంపీల్లో ఒక్కరు కూడా దానికి ఓటెయ్యలేదు, అయినా పాసయింది. ముంపు గ్రామాలు చూసినవాళ్ళకి ఇది విడమరిచి చెప్పక్కర్లేదు. పశ్చిమ తీరంలో ఒక పాడుబడ్డ గోడ మీద "కోవ్యూఖ్ డ్రవెరిన్" అని రాసి ఉంటుంది, ట్రవెరిన్‌ని మర్చిపోకండి అని. మళ్ళీ మన సంధే, ట కాస్తా డ అయింది. మొదట రాసినాయన కోపంలో సంధి చెయ్యకుండా ట అనే రాశాడట, తర్వాత రంగు వేసినవాళ్ళు దిద్దారు. ఉద్యమంలో కూడా వ్యాకరణం పట్టించుకునే జనం!

ఇంకొకటి వింటే మీకు ఒళ్ళు జలదరిస్తుంది. వెల్ష్‌లో టీవీ ఛానల్ పెడతామని 1979 ఎన్నికల్లో మాటిచ్చిన థాచర్ ప్రభుత్వం గెలిచాక వెనక్కి తగ్గింది. అప్పుడు గ్విన్వోర్ ఎవాన్స్ అనే పెద్దాయన, ప్లైడ్ కమ్రి పార్టీ నాయకుడు, 1980 అక్టోబర్ 6 నుంచి ఆమరణ నిరాహార దీక్ష చేస్తానని ప్రకటించాడు. దీక్ష మొదలవ్వకముందే, సెప్టెంబర్‌లో ప్రభుత్వం దిగొచ్చింది. ఛానల్ మొదలైంది 1982లో, తేదీ నవంబర్ 1. మనకి ఆంధ్రప్రదేశ్ అవతరించిన రోజే. పొట్టి శ్రీరాములు గారు 58 రోజులు చేసి ప్రాణం పోయాక గానీ మనవాళ్ళు కదల్లేదు. ఈ కథ ఆఫీసులో ఒక వెల్ష్ ఆయనకి చెబితే, ఆయన కాసేపు ఏమీ మాట్లాడలేదు, తర్వాత ఆ పేరు ఎలా పలకాలో అడిగి కాగితం మీద రాసుకున్నాడు.

ఇప్పుడు బడి. వేల్స్‌లో ఏ ప్రభుత్వ బడిలో వేసినా 16 ఏళ్ళ వరకు వెల్ష్ ఒక సబ్జెక్టుగా ఉంటుంది, అది తప్పదు. ఇంగ్లీష్ మీడియం అయితే తేలిగ్గా గడిచిపోతుంది. వెల్ష్ మీడియంలో అయితే సుమారు ఏడేళ్ళ దాకా అంతా వెల్ష్‌లోనే, ఆ తర్వాత ఇంగ్లీష్ పాఠాలు మొదలవుతాయి. భయపడకండి, కార్డిఫ్‌లో ఆ బడులకొచ్చే పిల్లల్లో చాలామంది ఇళ్ళలో వెల్ష్ రాదు, అందుకని మనకొచ్చే సమాచారమంతా ఇంగ్లీష్‌లో కూడా పంపుతారు. ఇంగ్లీష్ పోతుందేమోనని మావారు మొదటి ఏడాదంతా గొణిగారు. పోలేదు, చుట్టూ ఉన్నదే అది కదా. అసలు తగ్గింది తెలుగు. మా అత్తగారు ఫోన్ చేసి ఇది ఏ భాషలో మాట్లాడుతోందే అని అడిగినప్పుడల్లా నాకు తల కొట్టేసినట్టుంటుంది. అందుకని ఇంట్లో మాత్రం తెలుగే అని పెట్టుకున్నాం (ఫైన్లు లేవు). రెండేళ్ళు ఉండి వెళ్ళిపోయే ఉద్దేశమైతే ఇంగ్లీష్ మీడియంలో వెయ్యండి, ఉండిపోయేలా ఉంటే వెల్ష్ ఆలోచించండి, నా మటుకు నేను మంచి పనే చేశాననుకుంటున్నాను.

వీలైతే ఆగస్టు మొదట్లో జరిగే ఐస్టెద్వోడ్ అనే వెల్ష్ సాహిత్య, సంగీత ఉత్సవానికి కూడా వెళ్ళండి. యతిప్రాసల్లాంటి కఠినమైన నియమాలతో పద్యం రాసి గెలిచినవాళ్ళని ఏకంగా ఒక కుర్చీ చేయించి కూర్చోబెడతారు. 1917లో గెలిచిన హెద్ విన్ అనే గొర్రెలు కాసిన రైతుబిడ్డ అప్పటికే యుద్ధంలో చనిపోయాడు, పేరు పిలిస్తే ఎవరూ లేవలేదు, ఖాళీ కుర్చీ మీద నల్లగుడ్డ కప్పారు.

చివరగా పనికొచ్చే ముక్క ఒకటి. ఇక్కడ ఆఫీసుల నుంచి వచ్చే ఉత్తరాలు రెండు భాషల్లో ఉంటాయి, చాలాసార్లు వెల్ష్ పైన, ఇంగ్లీష్ వెనక. కొత్తలో నాకు ఒకటొచ్చింది, ఒక్క ముక్క అర్థం కాలేదు, ఎవరికో రావాల్సింది మనకొచ్చిందనుకుని చింపి చెత్తబుట్టలో వేశాను. అది ఆసుపత్రి అపాయింట్‌మెంట్. మళ్ళీ దొరకడానికి నాలుగు నెలలు పట్టింది.