గోల్డ్ సర్టిఫికెట్ ఉన్న ఫ్లాట్‌కి 5 శాతం ఎక్కువ పెట్టొచ్చా?

ప్రశ్న: ఒకే విస్తీర్ణం ఉన్న రెండు ఫ్లాట్లు చూశాం. రెండూ ఇంకా కట్టుబడిలోనే ఉన్నాయి. ఒకదానికి లీడ్ గోల్డ్ సర్టిఫికెట్ (పర్యావరణానికి అనుకూలంగా కట్టే భవనాలకిచ్చే గ్రీన్ రేటింగ్) ఉందని బిల్డర్ 5 శాతం ఎక్కువ అడుగుతున్నాడు. కరెంటు బిల్లు తగ్గి ఆ డబ్బు తిరిగొచ్చేస్తుందట. ఆ అదనం కూడా లోన్‌లోనే కలపాలి. నమ్మొచ్చా?

జవాబు: ముందు ఒక చిన్న లెక్క వేసుకోండి. మీ నెల బిల్లు 100 అనుకుందాం. మంచి ఇంట్లో 20 శాతం తగ్గినా మిగిలేది నెలకు 20. లోన్ 9 శాతం వడ్డీకి, 20 ఏళ్లకు తీసుకుంటే ప్రతి 1000కి ఈఎంఐ 9 పడుతుంది. అంటే ఆ 20తో మోయగలిగేది సుమారు 2200 అప్పు, మీ బిల్లుకు 22 రెట్లు. బిల్డర్ అడిగే 5 శాతం మీ 22 నెలల బిల్లు కన్నా ఎక్కువైతే, ఒక్క కరెంటు ఆదాతో అది తీరదు. కరెంటు రేట్లు పెరిగితే లెక్క కొంత మీవైపు మొగ్గుతుంది, కానీ దాని మీద ఆశ పెట్టుకుని అప్పు చేయొద్దు.

ఇంకో సంగతి. లీడ్‌లో గోల్డ్ అంటే 60 నుంచి 79 పాయింట్లు. నాలుగో వెర్షన్‌లో కొత్త భవనాలకు మొత్తం 110 పాయింట్లు ఉంటే, ఇంధన విభాగానికి ఉన్నవి 33. మిగతావి స్థలం, నీళ్లు, సామగ్రి, లోపలి గాలి లాంటివాటికి. అవీ మంచివే, కాకపోతే మీ మీటరును నెమ్మదింపజేసేవి కావు. ఎడ్జ్ అనే ఇంకో గ్రీన్ సర్టిఫికెట్‌కి మాత్రం ఇంధనం, నీళ్లు, సామగ్రి తయారీ ప్రభావం, ఈ మూడింటిలోనూ కనీసం 20 శాతం ఆదా చూపించాలి. అందుకే ఏ సర్టిఫికెట్ అయినా పాయింట్ల లేదా ఆదా శాతాల పట్టిక అడిగి, ఇంధనం వరుస చదవండి.

ఆదా ఎక్కడ జరుగుతుందో కూడా అడగండి. లిఫ్టు, మోటార్లు, మెట్ల లైట్ల దగ్గరైతే అది మెయింటెనెన్స్‌లో కనిపించాలి, మీ బిల్లులో కాదు. నా మటుకు నేను గోడలకు, పైకప్పుకు, కిటికీ అద్దాలకు, నీడకు డబ్బు పెట్టమంటాను. ఏసీ, ఫ్రిజ్ ఎప్పుడైనా మార్చుకోవచ్చు, ఎండను లోపలికి రానిచ్చే గోడను మార్చలేం. వేసవి మధ్యాహ్నం చల్లగా ఉండే ఇంటికి కొంత ఎక్కువ ఇవ్వడం తప్పేమీ కాదు, కానీ అది సుఖానికి పెట్టే ఖర్చని తెలిసి ఇవ్వండి.

ఇల్లు ఇంకా కడుతున్నారు కాబట్టి ఇప్పుడు బిల్డర్ దగ్గర ఉన్నది డిజైన్ దశ కాగితమే అయి ఉంటుంది. అసలు సర్టిఫికెట్ పని పూర్తయ్యాక వస్తుంది. అది చేతికొచ్చాకే ఆ 5 శాతం చెల్లిస్తామని అగ్రిమెంటులో రాయించండి. ఒప్పుకోకపోతే రెండో ఫ్లాట్ తీసుకోండి.