రక్తం చూస్తే కళ్ళు తిరుగుతాయి, ఆస్పత్రి ఉద్యోగమే కావాలంటుంది!

ప్రశ్న: మా అమ్మాయి బెంగళూరులో పదో తరగతి చదువుతోంది. డాక్టరు చదువు వద్దట, కానీ ఆస్పత్రిలోనే పని చేస్తుందట. పోయిన నెల రక్తపరీక్షకి తీసుకెళ్తే అక్కడే కళ్ళు తిరిగి పడిపోయింది. తనకి ఆ లైన్ సరిపడుతుందా? మావారు పీయూసీలో (ఇక్కడి ఇంటర్) కామర్స్ ఇప్పిద్దామంటున్నారు. ఏం చేయమంటారు?
– ఒక తల్లి, మారతహళ్ళి

జవాబు: అమ్మా, నేను ఈ ఊళ్ళోనే ఒక ఆస్పత్రి ల్యాబులో 30 ఏళ్ళు రక్తం తీశాను. చేరిన మొదటి వారంలో నేనూ పడ్డాను. రక్తం ఇవ్వడానికొచ్చిన పెద్దాయనే లేచి నాకు కుర్చీ వేశాడు!

మామూలు భయానికి బీపీ పెరుగుతుంది. రక్తం చూస్తే మాత్రం కొందరికి ఉన్నట్టుండి తగ్గిపోతుంది, అందుకే కళ్ళు తిరుగుతాయి. అలా అనిపించగానే పిడికిలి, కాళ్ళు గట్టిగా బిగబట్టి పది పదిహేను సెకన్లు ఉండి, కాస్త వదిలి, మళ్ళీ బిగించమనండి. సూది గుచ్చే చెయ్యి మాత్రం వదులుగా ఉండాలి. చాలామందికి అలవాటు మీద తగ్గిపోతుంది. దీనికోసం లైన్ మార్చక్కర్లేదు.

నేనైతే వేరేది చూస్తాను. పిల్లకి ఓపికుందా అని. ఊదా రంగు మూత ట్యూబులో పోసిన రక్తాన్ని ఎనిమిది పది సార్లు మెల్లగా తలకిందులు చేయాలి. గట్టిగా ఊపితే కణాలు పగులుతాయి, ఊరికే వదిలేస్తే గడ్డ కడుతుంది. ట్యూబు మీద పేరు పేషెంటు ఎదురుగానే రాయాలి. ఒకరోజు ఇద్దరు లక్ష్మమ్మలొచ్చారు. తర్వాత రాద్దాంలే అనుకున్నాను. ఏది ఎవరిదో తెలియక ఇద్దరికీ మళ్ళీ గుచ్చాల్సొచ్చింది. అందులో ఒకావిడ కన్నడంలో తిట్టిన తిట్లు ఇప్పటికీ చెవిలో ఉన్నాయి.

ఇక గ్రూపు. ఫిజిక్స్, కెమిస్ట్రీ, బయాలజీ వదలకండి. ల్యాబు డిగ్రీకైనా, నాలుగేళ్ళ బీఎస్సీ నర్సింగ్‌కైనా, ఫిజియోథెరపీకైనా, కళ్ళు పరీక్షించే ఆప్టోమెట్రీకైనా అవే కావాలి. లెక్కలంటే భయం లేకపోతే ఈ మూడింటితో పాటు లెక్కలూ ఉండే పీసీఎంబీ ఇప్పించండి. కామర్స్ తీసుకుంటే మూడేళ్ళ జీఎన్ఎం నర్సింగ్ లాంటివి ఒకటీ అరా తప్ప దొరకవని మీవారికి చెప్పండి.

కాలేజీ చూసేటప్పుడు రాజీవ్ గాంధీ ఆరోగ్య విశ్వవిద్యాలయానికి అనుబంధమా, కాకపోతే గుర్తింపు ఉన్న వేరే యూనివర్సిటీయా అని కాగితం చూపించమనండి. నర్సింగ్‌కైతే నర్సింగ్ కౌన్సిల్ గుర్తింపు కూడా అడగండి. 'వంద శాతం ఉద్యోగం' అని బోర్డు కట్టిన చోటికి అసలు వెళ్ళకండి.

వేసవి సెలవుల్లో మీకు తెలిసిన ల్యాబులో అడిగి, పొద్దున ఏడింటికి టోకెన్లిచ్చే టేబుల్ దగ్గర నాలుగు రోజులు కూర్చోబెట్టండి. టిఫిన్ పెట్టి మరీ పంపండి.